పది నిమిషాల ప్రాణం

జనగామలో మధ్యాహ్నం మూడు గంటలకు కరెంటు వచ్చింది. ఐలేశ్ పోయాడు.

రెండూ ఒకే క్షణంలో జరిగాయి. పత్తి మిల్లులో కంప్రెసర్ కంట్రోల్ ప్యానెల్ తలుపు తెరిచి, కుడిచేయి లోపల పెట్టి, పళ్ల మధ్య స్క్రూడ్రైవర్ పట్టుకుని ఉన్నాడు ఐలేశ్. ఇరవై రెండేళ్ల సర్వీసు మెకానిక్. మెయిన్ స్విచ్ తనే ఆపాడు. తాళం బ్యాగులో ఉంది, బ్యాగు బండి మీద ఉంది, ఎండ మండిపోతోంది. రెండు నిమిషాల పనేగా అని స్విచ్‌కు 'మనిషి పనిలో ఉన్నాడు' అన్న అట్టముక్క ఒకటి తగిలించి ఊరుకున్నాడు. అట్టముక్క చెప్పగలదు గానీ చేయి పట్టుకుని ఆపలేదు కదా! ఒక ఆడమనిషి చేయి ఆ అట్టను పక్కకు జరిపింది, స్విచ్ పైకి లేపింది, ఐలేశ్ పడిన చప్పుడు విన్నాక అట్టను మళ్లీ వంకర లేకుండా సరిచేసి మరీ వెళ్లింది.

మర్యాద తెలిసిన హంతకురాలు.

మర్నాడు పొద్దున ఏడున్నరకు, జనగామ బస్టాండు వెనక ఒక జిరాక్స్ షాపు ముందు దేవ్యా నిలబడ్డాడు.

"ఆధార్ జిరాక్స్ కావాలె."

"ఒక దిక్కా, రెండు దిక్కులా?"

"కార్డుకు రెండు దిక్కులుంటయి. మనిషికి ఒక్కటే."

షాపువాడు కర్టెన్ ఎత్తాడు. లోపల జైపాల్ టీ ఊదుకుంటున్నాడు. కాగితాల మీద ఆయన రిటైరైన ఎక్సైజ్ గుమస్తా. కాగితాల వెనక, దేశంలో ఎవరూ పేరెత్తని ఒక శాఖకు ఈ మూడు జిల్లాల ఇంచార్జి. దేవ్యా ఆయన కింద పదమూడేళ్లుగా ఏజెంటు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చేసి, మూడేళ్లు ప్యానెళ్లు విప్పి, ఆ తర్వాత మనుషుల గుట్లు విప్పడానికి వచ్చినవాడు.

జైపాల్ ల్యాప్‌టాప్ తిప్పాడు. మిల్లు సీసీ కెమెరా. తెర మీద ఒక్క చేయి మాత్రమే కనిపించింది.

"చూసినవా?"

"చూసిన సార్. చిటికెన వేలుకు పచ్చరాయి ఉంగరం."

"అసుంటియి జిల్లాకు పదివేలుంటయి. ఇడిసిపెట్టు. ఐలేశ్ మన మనిషి. నెల కింద ఒక ప్యానెల్ల కంపెనీది గాని బోర్డు చూసిండు, మనకు చెప్పిండు. ఇయ్యాల మహబూబాబాద్ల ఇంకోటి చూడనీకె పోవాల్సుండె. నిన్ననే పోయిండు, వేరే దిక్కుకు."

"ముఠా ఎవరిది?"

"సరిహద్దు అవతలోళ్లది. దొంగ బోర్డులు చేసి అమ్ముతరు. ఇయ్యాల పదకొండున్నరకు షో. మహబూబాబాద్ల మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. అమోనియా గ్యాస్ మీద నడిచే కంప్రెసర్. ప్యానెల్ల వాళ్ల బోర్డు ఉంది. మిర్చి ఏరే గ్రేడింగ్ హాల్ల పైపుకు దొంగ వాల్వ్ ఉంది. టైమైతే బోర్డు వాల్వ్ తెరుస్తది, హాల్ నిండ అమోనియా. కొనెటోడు భూపాలపల్లి లాడ్జిల కూసుండి ఫోన్ల లైవ్ చూస్తడు. నచ్చిందనుకో, దేశంల అసుంటి ప్యానెళ్లు వెయ్యికి తక్కువ లేవు."

"హాల్ల మనుషులుంటరు సార్."

"నూట నలభై మంది ఆడోళ్లు. లిస్టు ఇగో."

"ముందుగాల వాళ్లను బయటికి పంపిద్దాం."

"పంపొద్దు." జైపాల్ కప్పు కింద పెట్టాడు. "హాల్ ఖాళీ అయితే షో లేదు. షో లేకుంటే భూపాలపల్లిల ఫోన్ ఆన్ గాదు. ఫోన్ ఆన్ గాకుంటే ఏ లాడ్జో, ఏ రూమో మనకు తెల్వది. బోర్డు తీస్తివా, మంచిదే. తీయకుంటే నూట నలభై. రిపోర్టు రాయనీకె కాగితాలకు కొదువ లేదు, జిరాక్స్ షాపే మనది."

దేవ్యా లిస్టు చూశాడు. నలభై మూడో పేరు దగ్గర వేలు ఆగింది. తుల్సీబాయి. అతని యాడి. కన్నతల్లి. కొడుకు పట్నంలో విత్తనాల కంపెనీ ఏసీ ఆఫీసులో ఉన్నాడని తండా అంతటికీ చెప్పుకుని తిరిగే మనిషి. ఆమెకు నిజం తెలియదు, తెలియకూడదు. శాఖలో చేరిన రోజే రాయించుకున్న షరతు అది.

"సార్, మా యాడి..."

"ఎరికే. నలభై మూడు. అందుకే నిన్ను పంపుతున్న. జర మనసు పెట్టి పనిచేస్తవని."

పై అధికారి అంటే పైన కూర్చునేవాడని దేవ్యా అనుకునేవాడు. గుండె మీద కూర్చునేవాడని ఇప్పుడు తెలిసింది.

జైపాల్ ఒక పసుపు మల్టీమీటర్ చేతికిచ్చాడు. శాఖ ల్యాబ్ తయారు చేసిన గ్యాడ్జెట్. లోపల కెమెరా, మైకు, ట్రాన్స్‌మిటర్, అన్నీ ఉన్నాయి.

"వోల్టేజీ చూపిస్తదా సార్?"

"జాగ సరిపోలే. ఆ పార్టు తీసేసినం."

దేవ్యా దాన్ని టేబుల్ మీదే వదిలేసి, ఇన్సులేషన్ టేపు చుట్టిన తన పాత మీటర్‌ను సంచిలో వేసుకున్నాడు.

"అక్కడ శ్వేత కలుస్తది," అన్నాడు జైపాల్. "ఏడాది సంది ముఠాల ఉన్న మన మనిషి. ఏది అడిగినా చేస్తది."

శ్వేత ఫోటో ఉన్న ఫైలు శాఖలో అందరికంటే ఎక్కువ చేతులు మారిన ఫైలు. దేవ్యా మాత్రం పేరు వినడమే.

పది నలభైకి, తొర్రూరు మీదుగా సర్వీసు వ్యాను నడుపుకుంటూ మహబూబాబాద్ చేరాడు. అప్పటికి అతను దేవ్యా కాడు. గుబురు మీసం, లావు కళ్లద్దాలు, హెల్మెట్, ముక్కు మీద గుడ్డ మాస్కు, పొట్టకు కట్టిన దిండు. గొంతులో బెంగళూరు యాస ఒకటి అద్దెకు తెచ్చుకున్నాడు గానీ, కంప్రెసర్ ఆపరేటర్ కాటమయ్యను చూడగానే దాన్ని తిరిగిచ్చేశాడు. ముప్పై ఏళ్లుగా అమోనియా పీల్చిన ఆ కళ్ల ముందు వేషాలు చెల్లవు.

"ఐలేశన్న రాలేదా?" అడిగాడు కాటమయ్య.

"రాడు."

కాటమయ్య అర్థం చేసుకున్నాడు. తువ్వాలతో మొహం తుడుచుకుని, "రా సారూ," అని ముందు నడిచాడు.

మిషన్ రూములో కంప్రెసర్ హోరెత్తుతోంది. గోడకు బీరువా అంత కంట్రోల్ ప్యానెల్. టీవీ చర్చల్లో ఉండే ప్యానెల్‌కు దీనికి ఒకటే తేడా, ఇక్కడ వేడెక్కితే ఆపడానికి ఫ్యూజు ఉంటుంది. డిస్‌ప్లే మీద పచ్చటి అంకెలు: డిశ్చార్జ్ ప్రెషర్, పన్నెండు బార్.

దేవ్యా ఒక నిమిషం చూశాడు. పన్నెండు. రెండు నిమిషాలు చూశాడు. పన్నెండే. బతికున్న మిషన్ ప్రెషర్ ఎప్పుడూ అల్లాడుతుంది, పదకొండు తొమ్మిది, పన్నెండు ఒకటి. ఇది మాత్రం పన్నెండు బార్ల దగ్గర నిలబడి కూడా ఇంత తూలడం లేదు. ఒక్క బార్ దగ్గరే తూలే లోకంలో ఇది అనుమానించాల్సిన విషయం.

"కాటమన్నా, మిషన్ మీద ముల్లు గేజ్ ఉండాలె గద?"

"వారం కింద ఎవరో కంపెనీ మేడమొచ్చి, పలిగిందని దానికి స్టిక్కర్ అంటించి పోయింది."

దేవ్యా స్టిక్కర్ పీకాడు. గాజు పగల్లేదు. ముల్లు పద్దెనిమిది దాటి వణుకుతూ పైకి ఎగబాకుతోంది. డిస్‌ప్లేకు అబద్ధం వినిపిస్తూ, లోపల నిజం ఉబ్బిపోతోంది. ప్రెషర్ ఎంత పెరిగితే హాల్లోకి గ్యాస్ అంత జోరుగా దూకుతుంది.

సెన్సార్ నుంచి వచ్చే వైరు వెంట వేలు జరుపుకుంటూ వెళ్లాడు. కింది అరలో మోటారు వేగాన్ని నడిపించే డ్రైవ్ ఉంది. దాని కెపాసిటర్ల వెనక, గాజు కిటికీ గుండా, అగ్గిపెట్టె అంత బోర్డు కనిపించింది. దాని మీద ఎర్ర అంకెలు తిరోగమనంలో ఉన్నాయి. పద్దెనిమిది నిమిషాలు.

అతను గడియారం చూశాడు. పదకొండు పన్నెండు. లెక్క సరిపోయింది.

"హాల్ తలుపు తియ్యి," అన్నాడు. జైపాల్ ఆర్డర్ చెవిలోంచి జారిపోయింది.

"తాళం చెవి లేదు సారూ. లస్మయ్య కాంట్రాక్టర్ దగ్గరుంటది. ఆడోళ్లు మిరపకాయలు కొంగుల కట్టుకపోతరని బయటికెల్లి తాళమేస్తడు. పన్నెండింటికి తీసి, ఒక్కొక్కల కొంగు దులిపి బయటికిడుస్తడు. ఇప్పుడు కేసముద్రం మార్కెట్ల ఉన్నడు. ఫోన్ ఎత్తడు."

"గునపం పట్టుకో. పగులగొట్టు."

"నాలుగించుల తలుపు సారూ, గది చలి పోకుంట చేసింది. గంట పడతది."

"ఆపకుంట కొట్టు."

కాటమయ్య పరుగెత్తాడు. కాసేపటికి గోడ అవతలి నుంచి దబ్ దబ్ మని చప్పుడు మొదలైంది.

ఆ బోర్డు బ్యాటరీ మీద నడుస్తుంది, పవర్ ఆపినా ఆగదు; దేవ్యా దాన్ని చేత్తో ఊడదీయాల్సిందే. చేయి పోవాలంటే డ్రైవ్ టెర్మినళ్లను రాసుకుంటూ పోవాలి. పదకొండు పదిహేడుకు మెయిన్ స్విచ్ కిందికి దించాడు. కంప్రెసర్ మూలిగి ఆగింది. స్విచ్ పిడికి తన ఇత్తడి తాళం వేసి, చెవి జేబులో పడేసుకున్నాడు. ఒక మనిషి, ఒక తాళం, ఒక చెవి. ఐలేశ్ బండి మీదే వదిలేసిన నియమం అది.

ఇప్పుడు అసలు శిక్ష. డ్రైవ్ మూత మీద పసుపు త్రికోణంలో రాసి ఉంది: పవర్ ఆపిన తర్వాత పది నిమిషాలు ముట్టుకోకూడదు. కరెంటు ఆపినా కెపాసిటర్లలో ఐదొందల ఎనభై వోల్టులు అలాగే నిలవ ఉంటాయి, మెల్లగా దిగుతాయి. తలుపు మూసినా ఇంట్లోంచి కదలని చుట్టాల్లాగా. పదకొండు ఇరవై ఏడు వరకు ఆగాలి. ఆ తర్వాత మూడు నిమిషాల్లో బోర్డు తీయాలి. గోడ అవతల యాడి. ఇవతల కొడుకు, ప్యానెల్ తలుపు బార్లా తెరిచి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఒక నిమిషం. రెండు నిమిషాలు.

"ఇక్కడ జిరాక్స్ దొరుకుతుందా?"

గుమ్మంలో శ్వేత. మామిడిపండు రంగు పట్టుచీర, నల్లకళ్లద్దాలు, వాటికి తగ్గట్టు తెల్ల హెల్మెట్. చలి గిడ్డంగిలోకి వేసవి నడిచొచ్చినట్టుంది.

"ఒక దిక్కా, రెండు దిక్కులా?" అన్నాడు దేవ్యా.

"కార్డుకు రెండు, మనిషికి ఒకటి." టీవీలో వార్తలు చదివినంత శుభ్రంగా పలికింది. "ఇంకా తీయలేదా? టైమ్ చూశారా?"

"పది నిమిషాలు ఆగాలె మేడం."

"పవర్ ఆపేశారుగా! ఇంకేం భయం?" అంటూ గ్లవ్ తీసి, టార్చి అందించబోయింది.

చిటికెన వేలుకు పచ్చరాయి.

దేవ్యా టార్చి అందుకున్నాడు. రెండో చేయి జేబులో పెట్టి తీసి, మాస్కు గడ్డం కిందికి లాగి, దగ్గు వచ్చినట్టు నోరు మూసుకున్నాడు. ఇత్తడి చెవి నాలుక మీద చల్లగా తగిలింది. మింగేశాడు. గొంతు చీరుకుపోయింది.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. ఆమె స్పీకరు ఆన్ చేయకుండానే అవతలి అరుపు వినిపించింది. లైవ్ ఆగిపోయిందని, తెర నల్లగా ఉందని, షో కనబడకపోతే బేరం లేదని విదేశీ యాస ఇంగ్లీషులో ఎవడో చిందులు తొక్కుతున్నాడు. ప్యానెల్ పవర్‌తో పాటు, లోపల డ్రైవ్ పక్కన ముఠా పెట్టుకున్న మోడెం కూడా ఆరిపోయింది.

"ఒక్క నిమిషం," అని ఆమె ఫోన్ స్టూలు మీద పెట్టింది. మరుక్షణం చేతిలో చిన్న పిస్తోలు. "తాళంచెవి."

డబుల్ ఏజెంట్ అంటే ఇదే. రెండు ఫేజుల మనిషి, న్యూట్రల్ మాత్రం లేదు.

"మింగేసిన."

"కోసి తీస్తాను."

"తియ్యి. కత్తి పదునుదేనా? పదకొండు ఇరవయ్యాయె. కడుపు పెద్దది మేడం, దేవులాడాలె."

ఆమె ఒక్క క్షణం నిజంగానే ఆలోచించింది. ఆమె చూపు దిండు మీద ఆగింది. తర్వాత నవ్వింది.

"అవసరం లేదు. మోడెంకు పవర్ బ్యాంకు పెడితే చాలు. మీ అమ్మ లోపలుందట కదా, జైపాల్ గారు చెప్పారు. నలభై మూడో నంబరు. ఆవిడనే దగ్గరగా చూపించమంటాను, కొనేవాళ్లకు ముసలివాళ్ల మీద ఎలా పనిచేస్తుందో తెలియాలి."

"ఐలేశ్ను నువ్వే..."

"అట్ట కూడా సరిచేశాను. పక్కకు జరుగు."

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి పవర్ బ్యాంకు తీసి, ప్యానెల్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఎడమచేత్తో పిస్తోలు అతని వైపే పెట్టి, కుడిచేయి చాపింది.

దేవ్యా ఆ ఉద్యోగంలో వేల అబద్ధాలు చెప్పాడు. ఇప్పుడు నిజం చెప్పాడు.

"చెయ్యి పెట్టకు. లోపట ఇంక మూడొందల వోల్టులకు పైన ఉంది."

"స్విచ్ ఆఫ్. తాళం నువ్వే వేశావు."

"స్విచ్ ఆఫే. కెపాసిటర్లు ఆఫ్ గాలే. మూత మీద రాసుంది, సదువు."

"ఏడు నిమిషాలు నన్ను ఆపితే నీ పని అవుతుంది. అంతేనా?" ఆమె కళ్లద్దాల మీదుగా చూసింది. "మన శాఖలో నిజం చెప్పినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు."

"ఒట్టు. మా యాడి మీద ఒట్టు."

"అదేగా, పది నిమిషాల్లో పోయే ఒట్టు."

చేయి లోపల పెట్టింది. ఉంగరం ఒక టెర్మినల్‌కు తగిలింది, మణికట్టు ఇనుప అంచుకు ఆనింది.

ఆమె అరవలేదు. అరవడానికి కూడా కండరాలు సొంతంగా ఉండాలి. వేళ్లు వాటంతటవే మూసుకుని టెర్మినల్‌ను పట్టుకున్నాయి. పిస్తోలు దూరంగా జారింది. దేవ్యా రబ్బరు గ్లవ్స్ తొడుక్కుంటూ చూస్తూ నిలబడ్డాడు. పరుగెత్తి లాగి ఉండొచ్చు, చెక్క స్టూలు చేతికందేంత దూరంలోనే ఉంది. ఐలేశ్ పళ్ల మధ్య స్క్రూడ్రైవర్ గుర్తొచ్చింది. ఎడమ గ్లవ్ తొడుక్కున్నాక కుడి గ్లవ్‌లోని ముడతలు సరిచేసుకున్నాడు. ఆ తర్వాతే స్టూలుతో నెట్టాడు.

ఆమె పక్కకు ఒరిగిపోయింది. నాడి చూశాడు. లేదు. కెపాసిటర్లు ఆమె గుండా ఖాళీ అయ్యాయి. దవాఖానలో చేరకుండానే శ్వేత డిశ్చార్జ్ అయిపోయింది.

పదకొండు ఇరవై రెండు. ఇప్పుడు లోపల కరెంటు లేదని ఎదురుగా సాక్ష్యం పడి ఉంది. అయినా దేవ్యా చేయి పెట్టలేదు. మీటర్ తీశాడు. ముందు తెలిసిన బ్యాటరీ మీద పెట్టి మీటర్ పనిచేస్తోందని చూసుకున్నాడు. తర్వాత టెర్మినళ్ల మీద పెట్టాడు. నలభై ఆరు. దిగుతోంది. ముప్పై. పద్దెనిమిది. ఐదు. అప్పుడు చేయి పెట్టాడు.

బోర్డును సీలు ముద్దతో గోడకు అంటించేశారు, కదలదు. దానికి ఆరు జతల వైర్లు. ఎర్రది కోయాలా నీలందా అనే సినిమా పంచాయితీ ఇక్కడ లేదు. ముఠావాళ్లు లోకల్‌లో ఒకే వైరు చుట్ట కొన్నారు. అన్నీ నలుపే. వాటిలో ఒక జతే వాల్వ్‌కు పోతుంది. మిగతావి కోస్తే వాల్వ్ వెంటనే తెరుచుకునేలా పెట్టి ఉంటారు. అలా పెట్టకుండా వదిలేసేంత మర్యాదస్తులు కాదు వాళ్లు.

వాల్వ్ అంటే లోపల రాగితీగ చుట్ట. చుట్టకు నిరోధం ఉంటుంది, మీటర్‌కు చెప్తుంది. ఒకటో జత స్క్రూల మీద మీటర్ మొనలు పెట్టాడు. ఏమీ లేదు. రెండు, లేదు. మూడో జత స్క్రూ మీద సీలు ముద్ద. బ్లేడుతో గీకాడు. ఒక నిమిషం పోయింది. లేదు. నాలుగు. మళ్లీ గీకుడు. చెమట కళ్లద్దాల లోపల కారుతోంది. గోడ అవతల గునపం దబ్ దబ్. పదకొండు ఇరవై తొమ్మిది. ఐదో జత.

నలభై రెండు ఓములు.

కట్టర్ పెట్టి నొక్కాడు. ఎర్ర అంకెలు నాలుగు సెకన్లు, మూడు అని చూపిస్తున్నాయి. పదకొండున్నరకు బోర్డు కిచుమంది, పచ్చ లైటు వెలిగించింది, తన డ్యూటీ తాను నిక్కచ్చిగా చేసింది. పంపిన ఆజ్ఞ తెగిన వైరు కొస దాకా పోయి, గాలిలో వేలాడింది. ప్రభుత్వ జీవోలాగా.

స్టూలు దగ్గర కిందపడ్డ ఫోన్‌లో విదేశీ గొంతు ఇంకా మాట్లాడుతూనే ఉంది. దేవ్యా అందుకున్నాడు.

"షో ఏమైంది?" అంటోంది ఆ గొంతు ఇంగ్లీషులో.

"హౌస్‌ఫుల్," అన్నాడు దేవ్యా. "మీ తలుపు దగ్గర కూడా జనం ఉన్నరు, చూసుకోండి."

భూపాలపల్లిలో శాఖ మనుషులు తలుపు విరగ్గొట్టిన చప్పుడు మహబూబాబాద్‌లో స్పష్టంగా వినిపించింది. పది నిమిషాలు లైన్ కట్ చేయకుండా అరిచినవాడి రూము నంబరు కనుక్కోవడం ఎంతసేపు?

జైపాల్ ఫోన్ చేశాడు. దేవ్యా మూడు వాక్యాల్లో చెప్పాడు. అవతల టీ ఊదిన చప్పుడు.

"శ్వేత డబుల్ ఏజెంట్ అని రాస్తే, ఆమెను తీసుకున్న సంతకం ఎవరిదని అడుగుతరు. నాదే. కాబట్టి విధి నిర్వహణల అమరురాలు. వచ్చే నెల ఫోటోకు దండ."

"సార్, ఆమె ఐలేశ్ను చంపింది."

"ఐలేశ్ తాళం వెయ్యలే, అది ఐలేశ్ తప్పు. నీకు మెమో వస్తది. శిక్షణ లేని మనిషిని తెరిచిన ప్యానెల్ దగ్గరికి రానిచ్చినవ్. సేఫ్టీ అంటే తమాషానా?"

సరిగ్గా పన్నెండింటికి లస్మయ్య కాంట్రాక్టర్ బుల్లెట్ మీద వచ్చాడు. గునపంతో గంట్లు పడ్డ తలుపు చూసి కాటమయ్యను తిట్టాడు, మిషన్ ఆగిందని గోడను తిట్టాడు, తాళం తీశాడు. మిషన్ రూములో గోనెసంచుల కింద ఏముందో అడగలేదు. అతని దృష్టంతా కొంగుల మీదే.

నూట నలభై మంది ఒక్కొక్కరే బయటికొచ్చారు. మిరప ఘాటుకు ఎర్రబడ్డ కళ్లు, తడిసి ముద్దయిన రవికెలు. కొంగు దులపడం, కదలడం. నలభై మూడో మనిషి దులిపి, ఎదురుగా నిలబడ్డ మెకానిక్‌ను చూసి ఆగింది.

"ఓ మిస్త్రీ! మిషన్ బందువెట్టింది నువ్వేనా?"

దేవ్యా తలూపాడు. నోరు తెరిస్తే గొంతు పట్టిస్తుంది.

"దాంతోటి ఫ్యాన్లు సుత బందాయె. ముప్పావు గంట ఉడికిపోయినం లోపట. బయటికెల్లి ఎవడో తలుపును దనదన కొట్టుడు, తలకాయ పలిగింది. పని రాకుంటే ఎందుకొస్తరయ్యా మిషన్ల జోలికి? నాకూ ఉన్నడు కొడుకు, పట్నంల ఏసీల కూసుండి చేస్తడు. ఇయ్యాల్టి దాంక ఒక్కలకు తక్లీఫ్ ఇయ్యలే." ఆమె అతని మీసం మొదలు బూట్ల దాకా చూసి, మొహం చిట్లించింది. "నిన్ను గాదు, నిన్ను కన్నదాన్ని అనాలె ముందు!"

తుల్సీబాయి కొంగు విదిలించుకుని నీళ్ల డ్రమ్ము వైపు వెళ్లిపోయింది.

పదమూడేళ్ల సర్వీసులో దేవ్యా మారువేషానికి సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లు లేరు. ఇవాళ వచ్చింది. గెజిటెడ్ సంతకం కూడా అక్కర్లేదు, కన్నతల్లే అటెస్ట్ చేసింది.